ఆడపడుచు గొంతు

మగ్గాల మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసేసరికి ఆమె చెవులు రెండూ మొద్దుబారాయి. ఆ తర్వాతే, ఎప్పుడో చనిపోయిన ఆడపడుచు గొంతు వినబడసాగింది. "వదినా, దారం తెగింది చూడు!" ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగేది.

"చెవి నుంచి కబురు రాకపోతే మెదడులో వినికిడి చోటు ఊరికే కూర్చోదమ్మా. జ్ఞాపకాల్లోంచి తెచ్చి తనే వినిపిస్తుంది," అన్నాడు డాక్టరు. చెవికి మిషన్ పెట్టాక గొంతు ఆగిపోయింది. కూతురు ఊపిరి పీల్చుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆమె దొంగతనం చేస్తున్నట్టు మిషన్ తీసేసింది. ఎంత ఎదురుచూసినా ఆ గొంతు రాలేదు.

"అలిగావా ఏంటే?" అంది పైకే.

"నన్ను తరిమేసి, పైగా అలిగానంటావా వదినా?"

అంతవరకూ ఆ గొంతు పాత మాటలే పలికేది. ఇవి ఆడపడుచు బతికుండగా ఎన్నడూ అనని మాటలు. అయినా ఆమె మిషన్ మళ్లీ పెట్టుకోలేదు.