మామ గౌను విప్పిన పూట

మా మేనమామ ఒక దఫా శాసనసభ్యుడిగా ఉండి, మరుసటి ఎన్నికలో ఓడి, మళ్లీ తిరుత్తణి కోర్టులో వకీలుగా చేరాడు. తిరిగి వచ్చాక ఆయన చేపట్టిన కేసుల్లో మా అమ్మది ఒకటి. కనకమ్మ సత్రం దగ్గర మా మల్లెతోటకు నీరిచ్చే ఒకే ఒక్క బావి మీదుగా కొత్త రోడ్డు పోతుంది. పని ఆపమన్న కోర్టు ఉత్తర్వు, మేం విచారణకు వెళ్లిన ఆ రోజుతో ముగుస్తుంది. పొడిగించకపోతే బావి పూడుతుంది.

ఆ రోడ్డు కావాలని సభలో అడిగింది మామే.

"తెచ్చినోడివీ నువ్వే, ఆపేటోడివీ నువ్వే. ఇంతకన్నా మంచి యాపారం యాడుందిరా?" అంది అమ్మ, కోర్టు వరండాలో.

"నువ్వు ఫీజిచ్చింది యాడక్కా, యాపారమనేదానికి?" అన్నాడు మామ.

నేను సివిల్ ఇంజనీరును. రోడ్డు మధ్యరేఖ ఇప్పుడు బావిని ఎక్కడ కోస్తుందో కొలిచి చూపగలను. దాన్ని తర్వాత బావి మీదికి జరిపారన్నది మా వాదన, కానీ మొదట అది ఎక్కడ ఉండేదో చూపలేను.

ప్రభుత్వ న్యాయవాది రేఖ మొదటినుంచీ ఇదేనన్నాడు. మామ చటుక్కున లేచాడు. "కాదు. మొదటి గుర్తురాళ్లు బావికి పడమట, బీడులో పాతారు. నేను పక్కనే ఉండి చూశాను."

న్యాయమూర్తి కలం ఆపాడు. "మీరు వాదిస్తున్నారా, సాక్ష్యం చెబుతున్నారా?" అని అరవంలో అడిగాడు.

రెండూ ఒకే మనిషి చేయకూడదు. రాళ్లు చూసినవాళ్లలో మాకు తెలిసింది మామ ఒక్కడే. ఆయన సాక్షిగా బోనెక్కితే కేసు ఆయన దగ్గర పనిచేసే జూనియరమ్మాయి చేతికి పోతుంది. అమ్మకు ఈ సంగతి చెవిలో చెప్పాను.

"ఇప్పుడు వకీలుగా దిగితే మళ్లీ ఎక్కలేడా?"

"ఈ కేసులో ఎక్కలేడమ్మా."

మామ వెనక్కి తిరిగి అమ్మను చూశాడు. ఆయన గౌను విప్పి, మెడపట్టీ తీసి, జూనియరుకు ఇచ్చి బోనెక్కాడు.

"వాది మీకేమవుతారు?" అన్నాడు ప్రభుత్వ న్యాయవాది.

"అక్క."

"అక్క కోసం రోడ్డు వద్దంటున్నారు."

"రోడ్డు నాకిప్పటికీ కావాలి. రాళ్లు పాతిన చోటనే కావాలి."

మొదటి నక్షాతో రోడ్ల శాఖ అధికారి హాజరయ్యేదాకా బావిని ముట్టరాదని న్యాయమూర్తి ఉత్తర్వు పొడిగించాడు.

బయటికి వచ్చాక అమ్మ గొంతు తగ్గించింది. "ఇంక మా తట్టు మాట్లాడేదెవురురా?"

మామ జూనియరును చూపించాడు. ఆ అమ్మాయి అప్పటికే నా వైపు తిరిగింది.

"అన్నా, ఆ బీడు నేను చూడలేదు. ఇప్పుడే పోదామా?"