అనసూయ మేడమ్, నా ఆముదం జన్యువు

మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి నిన్న పోచంపల్లి చీర కట్టుకొచ్చింది. కొత్త నూలు, గంజి వాసన తగలగానే అనసూయ మేడమ్ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. నల్లగొండలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, జన్యువులను కంప్యూటర్‌తో చదవడం నాకు నేర్పింది ఆమే. మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. వాళ్లింట నేసిన చీర తప్ప ఆమె ఒంటి మీద ఇంకోటి చూడలేదు. మాట మాత్రం సూదిమొన.

నేను కేతేపల్లి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని. ప్రాజెక్టు తప్పితే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానని నాయిన ముందే చెప్పేశాడు. కరువును తట్టుకునే జొన్న జన్యువు లాంటిది మా ఆముదంలో ఉందేమో వెతకడం నా పని. కంప్యూటర్‌కు జన్యువంటే నాలుగే అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే పొడుగాటి వరుస. రెండు వరుసలను ఒకదాని కింద ఒకటి పెట్టి, అవసరమైన చోట ఖాళీ వదులుతూ పోలిక చూడాలి. కలిసిన ప్రతి అక్షరానికీ ప్రోగ్రాం మార్కులు వేస్తుంది. నేను ఖాళీలు వదులుతూనే పోయాను. రెండూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. ఎగిరి గంతేసి మేడమ్‌ను పిలిచాను.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని నవ్వింది. "ఖాళీకి మార్కులు కోసినవా?"

"లేదు మేడమ్."

"పుణ్యానికి ఇడిసినవన్నట్టు! గట్లయితే ఆముదం నాతోని గూడ కలుస్తది బిడ్డా. మగ్గం మీద పోగు జర్రంత గుంజి సర్దుకుంటం. ఊకె గుంజితే తెగుతది."

ప్రతి ఖాళీకీ మార్కులు కోయమని ప్రోగ్రాంకు చెప్పాను. పోలికంతా ఎగిరిపోయింది. బల్లమీద తల పెట్టి ఏడ్చాను. "నాయిన తోలుకపోతడు మేడమ్" అంటే, "నేనున్న గద. ఉన్నదే చెప్పు" అని తన డబ్బాలోని సర్వపిండి నా ముందుకు తోసింది. ఏడుస్తూనే తిన్నాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, "అయితే ఏమీ దొరకలేదా?" అన్నాడు. "దొరకలేదు సార్. దొరికినట్టు ఎట్ల చూపించొచ్చో గూడ చూపిస్త" అని రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టాను. ఆయన రెండూ పోల్చి చూసి మంచి మార్కులే వేశాడు. మేడమే నాయినకు ఫోన్ చేసింది. "అన్నా, నీ బిడ్డకు ఏం దొరకలే. గందుకే పాసయింది." నాయినకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఊరంతా చెప్పుకున్నాడు.

మేడమ్ ఇప్పుడు లేదు. పిల్లల జబ్బులకు మూలమైన జన్యులోపాలు వెతకడం నా ఉద్యోగం. మొన్న తిరుమలగిరి నుంచి ఒక తల్లి తన కొడుకు రిపోర్టు కోసం వచ్చింది. పిల్లాడి జబ్బుతో అరకొరగా కలిసిన లోపం ఒకటుంది. అది చెబితే ఆమె ప్రాణం కాస్త కుదుటపడేది. నాకూ చెప్పాలనే అనిపించింది.

"దొరకలేదమ్మా. ఇంకా వెతుకుతున్న" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సరే మేడమ్. మీరు దొరికిందన్ననాడు నమ్ముత."