మొదటి విస్తరి

నిజాం రాజ్యపు రోజుల్లో ఒక పెళ్లికని బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళాను. పెళ్లికూతురి తండ్రి ఉప్పుగూడలో రైల్వే గుమాస్తా. విస్తళ్ళు వేసి ఎంతసేపైనా ఆయన వడ్డన మొదలుపెట్టనివ్వడే! ఏ తహసీల్దారు కోసమో అనుకున్నాను.

చివరకు బల్దియాలో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, వీధులూడ్చే ఎల్లమ్మ వచ్చింది. గుమాస్తా ఎదురెళ్ళి, తీసుకొచ్చి, మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టాడు. సరిగ్గా నా పక్కనే! మా ఊళ్ళో అయితే పంక్తి మొత్తం లేచిపోయేది. నేను నిర్ఘాంతపోయాను.

"ఏందన్నా, గట్ల చూస్తున్నరు?" అన్నాడాయన. "ప్లేగు వచ్చినప్పుడు బస్తీ అంత ఖాళీ చేసి ఉరికినం. మా బాపు ఇంట్లనే పాణమిడిసిండు. నలుగురు కొడుకులం, ఒక్కడు దగ్గరకు పోలే. ఈమెనే ఎత్తుకపోయి దహనం చేయించింది. అప్పటిసంది మా గల్లీల ఏ పెండ్లయినా ఈమె కూసున్నంకనే వడ్డిస్తరు."

వడ్డన మొదలైంది. ఎల్లమ్మ తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ గుమాస్తాతో అంది: "విస్తర్లు గట్లనే ఉండనియ్యి అయ్యా. పొద్దుగాల నేనే వచ్చి ఎత్తుత."

వద్దని ఆ పంక్తిలో ఒక్కరూ అనలేదు.