వణుకు చూసి ఇచ్చిన పిల్ల

నా చలిజ్వరం పోగొట్టడానికి మా పెద్దమ్మ నాతో పచ్చి అబద్ధం ఆడింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం నాకు చల్లారలేదు.

ఆ రోజుల్లో మా పాతపాళ్య వైపు జ్వరం వేళ తప్పని చుట్టం. రోజు విడిచి రోజు, ఎండ నడినెత్తికి రాగానే దిగేది. దోమ కుట్టినప్పుడు నెత్తురులో చేరిన క్రిమి పెరిగి కణాలను పగలగొడుతుందనీ, అప్పుడు మెదడు ఒంటికి ఇంకా వేడి కావాలని అడిగితే కండలు వణికి ఆ వేడి పుట్టిస్తాయనీ, అందుకే ఒళ్ళు కాలుతున్నా మనిషి చలి చలి అంటాడనీ తర్వాతెప్పుడో పుస్తకాలు తిరగేసి నేనే నేర్చుకున్నాను (బడి నాకు నేర్పింది బెంచీ ఎక్కడం ఒక్కటే). మా వాళ్ళ శాస్త్రం వేరు. జ్వరం వచ్చే వేళకు రోగిని గట్టిగా అదరగొడితే అది బెదిరి వెళ్ళిపోతుందట!

అప్పట్లో మా మామ తన కూతుర్ని నాకు ఇస్తాననడు, ఇవ్వననడు. చింతామణిలో అంగడి ఉన్న సంబంధం మీద ఆయన కన్ను. నాకేమో ఆ పిల్ల తప్ప వేరే లోకం లేదు. ఇదంతా తెలిసిన పెద్దమ్మ (ఆ మామకు స్వయానా అక్క) జ్వరం వంతు రోజున, అది దిగే వేళకు కాస్త ముందు, గుండెలు బాదుకుంటూ వచ్చింది. “ఇంకేముండాది నాయనా! నీ మామ బిడ్డను చింతామణోళ్ళకు ఇచ్చేసినాడు. తాంబూలాలు గూడా అయిపాయె!”

కప్పుకున్న కంబళితోనే పక్కపల్లెలోని మామ ఇంటికి పరుగెత్తాను. “యాడికిరా పోతాండావు? ఉత్తదేరా, జ్వరం కోసరం చెప్తిని!” అని ఆమె వెనక అరుస్తూనే ఉంది. నా చెవికెక్కితే గదా! మామ గడపలో నిలబడి “మామా, నువ్వూ ఒక మనిషివేనా” అని మొదలుపెట్టానో లేదో, జ్వరం వచ్చేసింది. పళ్ళు టకటకలాడాయి, మోకాళ్ళు కొట్టుకున్నాయి, దారి పొడుగునా పోగేసుకున్న తిట్లన్నీ ముక్కలై రాలిపోయాయి. మామ నిర్ఘాంతపోయి, “అయ్యో, నా బిడ్డ కోసరం ఎట్ల వణికిపోతాండాడో చూడండమ్మా!” అని కళ్ళనీళ్ళు పెట్టుకుని అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. అది జ్వరం మామా అందామంటే నోరు పెగల్లేదు (పెగిలినా అనేవాణ్ణి కాదనుకోండి).

పెళ్ళయింది. జ్వరం మాత్రం బాగేపల్లి ఆస్పత్రి క్వినైను మింగేదాకా వదల్లేదు. కొన్నేళ్ళకు, నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో, తిరగలి ముందు కూర్చున్న పెద్దమ్మను నిలదీశాను. రోగితో అబద్ధమాడటం ఏం వైద్యం? అసలు నా జ్వరం పోయిందా? ఇవాళ నా పెళ్ళామూ లేదు, పెద్దమ్మా లేదు, పోట్లాడటానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఆనాడు ఆమె తిరగలి ఆపకుండానే ఇచ్చిన జవాబు ఇది:

“పోలేదులేప్పా, అది నా తప్పే. పెండ్లాం వచ్చె గదా, అది ఎవురి తప్పు?”