బెరిల్ తిప్పే లాకులు

బెరిల్ టనిక్లిఫ్ చుక్కాని పట్టగా మా కాలువ మీద చూసినవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళపాటు మొగుడు నార్మన్ సరంగు, నీటిమట్టం మార్చి పడవని ఎక్కించి దించే లాకుల పని ఈమెది. పడవ ఆగీ ఆగకముందే గట్టు మీదికి దూకి, నడుముకి దోపుకున్న ఇనప హ్యాండిల్ తీసి తూము తిప్పడానికి వెళ్ళిపోయేది. ఇక్కడ చాలా పడవల్లో ఇదే తంతు. మొగుడు టీ కప్పు పట్టుకుని వెనక రాజులా నిలబడతాడు, పెళ్ళాం అంతంత బరువు లాకు తలుపుల్ని నడుమానించి తోస్తుంది. ఇదేమిటంటే, చుక్కాని పట్టడం చాలా కష్టమట!

బెరిల్ మాత్రం ఎప్పుడూ సణగలేదు. చిన్నప్పటి నుంచీ మా స్టోక్ ఊరి పింగాణీ ఫ్యాక్టరీలో ప్లేట్ల అంచుకి బంగారు గీత గీసే పని ఆమెది. ఊపిరి బిగబట్టి ఒక్క చుట్టులో గియ్యాలి. వారమంతా అలా కూచున్న మనిషికి శని, ఆదివారాలు లాకుల దగ్గర ఒళ్ళు వంచడం సరదాగా ఉండేది. "ఇక్కడ చెయ్యి వణికినా ఎవడూ తిట్టడు తల్లీ" అనేది నాతో.

చలికాలంలో నార్మన్ పోయాడు. వంటింట్లో బూట్లు వేసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఖననం అయ్యాక ఇంటికొచ్చినవాళ్ళందరికీ బెరిలే టీ పోసింది. ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. ఎలా ఉన్నావని అడిగితే "బాగానే ఉన్నా" అనేది. వర్షం పడుతోందన్నా, ఎండ కాస్తోందన్నా "బాగానే ఉంది" అనేది. మనిషి ఎదురుగానే ఉండేది, మనం చెప్పిందేదీ ఆమెదాకా వెళ్ళేది కాదు.

ఏటా మే నెలలో మా పడవల బృందం అంతా కలిసి రెండు రోజులు పడవల మీద తిరుగుతాం. మా ఆయన గ్రాహంకి నార్మన్ పడవ మీద ఎప్పటినుంచో కన్ను. నాకు మాత్రం లేదా? అద్దె పడవల్లో ఊళ్ళోవాళ్ళందరూ పడుకున్న దిండ్ల మీద పడుకుని విసుగెత్తిపోయాను. "ఈ రెండు రోజులూ నేను నడుపుతాను. పడవ మాకిస్తావో, నీ దగ్గరే ఉంచుకుంటావో ఆదివారం సాయంత్రం చెప్పు బెరిల్" అన్నాడు గ్రాహం, ఆ ఏడాది బయల్దేరేముందు. "అలాగే" అంది. నాకు భయం వేసింది. పడవ కూడా పోతే ఇక ఈ మనిషి గడప దాటదు. ఆమె ఇవ్వననాలని, మాకు అందకుండా పోవాలని, నిజంగానే కోరుకున్నాను.

శనివారం వెళ్ళిన దారిలో లాకులు లేవు. రోజంతా కబుర్లూ నవ్వులే. వెనక పడవలోంచి మా బృందంలోని విల్ఫ్ "గ్రాహం, కాలువ కుడిపక్కన ఉందిరా! నువ్వెళ్ళేది ఆవుల దొడ్డిలోకి!" అని అరుస్తూనే ఉన్నాడు. సాయంత్రం కాలువ పక్క పబ్బులో బీర్లు తాగి డామినోలు ఆడాం. బెరిల్ గెలిచింది. గెలిచావని చెబితే "అవునా" అంది.

ఆదివారం పొద్దున ఓట్స్ పిండి అట్లలో బేకన్, చీజు పెట్టి చుట్టి అందరికీ తనే ఇచ్చింది. తర్వాత లాకుల వరస మొదలైంది. గ్రాహం పడవని మొదటి లాకులోకి తీసుకొచ్చాడు. వెనక తలుపులు నేనూ బెరిలూ మూశాం. ఇక పై తూము ఎత్తితే నీళ్ళు నిండి పడవ పైకి లేస్తుంది. బెరిల్ హ్యాండిల్ తగిలించి నిలబడింది. అలాగే నిలబడిపోయింది.

"కానియ్ బెరిల్!" అన్నాడు గ్రాహం లాకు అడుగున పడవలోంచి.

కదల్లేదు. వెనక విల్ఫ్ హారన్ కొట్టాడు. "ఏమైంది? కాలువలో నీళ్ళు కొనుక్కోవాలా?" అని అరిచాడు. గట్టు మీద అందరూ నవ్వారు.

నేను దగ్గరికెళ్ళి "తిప్పవేం బెరిల్?" అన్నాను.

ఆమె కిందికి చూస్తూనే, చాలా మామూలుగా, "ఇంకా టోపీ తియ్యలేదు కదా" అంది.

నీళ్ళు దూకేచోట మాట వినబడదు. అందుకని మాలో ప్రతి జంటకీ ఓ సైగ ఉంటుంది. "పడవ కుదురుగా పట్టుకున్నాను, ఇక నీళ్ళు వదులు" అనడానికి నార్మన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకునేవాడు. అది చూడకుండా బెరిల్ ఏనాడూ తూము ఎత్తలేదు.

లాకు అంచుకి వెళ్ళి "టోపీ తియ్యవయ్యా!" అని అరిచాను.

"ఎందుకూ?"

"తియ్యమంటే తియ్యి!"

గ్రాహం బిక్కమొహం వేసుకుని బట్టతల మీంచి ఫుట్‌బాల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బెరిల్ చెయ్యి తిరిగింది. నీళ్ళు దూకాయి.

ఆ తర్వాత ప్రతి లాకులోనూ గ్రాహం టోపీ తీశాడు, ఆమె తిప్పింది. "గట్టు మీదికి రాణిగారు గానీ వస్తున్నార్రా?" అని విల్ఫ్ ఒకటే ఎగతాళి. గ్రాహం మురిసిపోయి "చూశావా మేవిస్, దారిలో పడింది" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇక పడవ ఇవ్వనంటుంది, కావాలంటే మేమే వచ్చి నడిపిపెడతాం అనుకుని కుదుటపడ్డాను.

సాయంత్రం పడవ కట్టేశాం. బెరిల్ కప్పులు కడుగుతోంది, నేను తుడుస్తున్నాను. గ్రాహం గుమ్మంలో తల పెట్టి "మరి ఏమనుకున్నావ్?" అని అడిగాడు.

"తీసుకోండి" అంది.

"తొందరేం లేదు బెరిల్" అన్నాను నేను. "ఆయన నడుపుతాడు, నువ్వు లాకులు తిప్పు. ఇవాళ బాగానే జరిగింది కదా!"

"బాగానే జరిగింది" అంది. ఇంకో కప్పు నీళ్ళలో ముంచింది. "ముప్పై ఏళ్ళూ ఆ టోపీ సైగ మా ఇద్దరి మధ్యే ఉన్న మాట అనుకున్నాను మేవిస్. ఇవాళ గ్రాహం టోపీ తీసినా నా చెయ్యి తిరిగింది. ఏ తేడా లేకుండా తిరిగింది."

గ్రాహం టోపీ తీసి నలపబోయి, గబుక్కున మళ్ళీ నెత్తిన పెట్టేసుకున్నాడు. అప్పుడైనా ఏడుస్తుందేమోనని నేను ఆమె మొహంలోకే చూశాను. ఏడవలేదు. మిగిలిన కప్పులు కూడా కడిగి బోర్లించింది.

పడవ ఇప్పుడు మాదే. లాకులు నేనే తిప్పుతాను. గ్రాహం కిందనుంచి చెయ్యి ఊపుతాడు, బొటనవేలు చూపిస్తాడు. నేను తిప్పను. అంచుదాకా నడిచి, వంగి, సిద్ధమేనా అని అడుగుతాను. విసుక్కుంటాడు. విసుక్కోనీ. నోరు తెరిచి, నన్ను పేరు పెట్టి పిలిచి చెప్పేదాకా, వెనక ఎన్ని హారన్లు మోగినా నా చెయ్యి కదలదు.