లియోనా వేసిన తపస్సుకాలం లెక్క

మానిటోవాక్‌లో శుక్రవారం సాయంత్రం చేప తినడానికి ఆంబ్రోస్ బారుకి వెళ్ళే వాళ్ళెవరికీ లియోనా వోయ్‌టక్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. రెండు చేతుల నిండా పళ్ళేలు, నోటి నిండా వెటకారం. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే వడ్డిస్తోంది. బారు ఆమె మేనమామ ఆంబ్రోస్‌ది. వంటింట్లో చేప వేపేది ఆయన, బయట జనాన్ని వేపుకు తినేది ఈవిడ.

అలాంటి మనిషి నలభయ్యో ఏట కాలేజీలో చేరింది. పొద్దున పాఠాలు, సాయంత్రం పళ్ళేలు. లాయర్ల దగ్గర కేసు కాగితాలు సిద్ధం చేసే పారాలీగల్ పనికి రెండేళ్ళ డిగ్రీ ఒకటుంది. పని మానుకోలేక దాన్ని మూడేళ్ళకి పూర్తి చేసింది. పాసయిన రోజు ఆంబ్రోస్ బారులో అందరికీ ఊరికే బ్రాండీ పోయించాడు. జన్మలో ఎవరికీ ఐసుముక్క కూడా ఊరికే ఇవ్వని మనిషి!

సంతోషం సంతోషమే, చదువు కోసం చేసిన పదకొండు వేల డాలర్ల అప్పు అప్పే. జులై నుంచి నెలకి నూట ముప్పై కట్టాలి. మార్చిలో టోలెఫ్‌సన్ మేడమ్ తన ఆఫీసులో ఉద్యోగం ఇస్తానంది. ఇళ్ళ తగాదాలు, వీలునామాలు చూసే పెద్ద లాయరు ఆవిడ. లూథరన్ మనిషి కాబట్టి క్యాథలిక్కుల్లా శుక్రవారం మాంసం మానే పట్టింపేమీ లేదు, అయినా వారం తప్పకుండా కిటికీ పక్కన కూర్చుని చేప తిని పోతుంది.

"గంటకి ఇరవై రెండు డాలర్లు. ఈస్టర్ లోపల ఏదో ఒకటి చెప్పు" అంది.

అప్పుడు ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలం నడుస్తోంది. ఆ శుక్రవారాలు మాంసం ముట్టని ఊరు కాబట్టి, సాయంత్రం నాలుగయ్యేసరికి బారు బయట మంచులో జనం వరస కట్టేవారు. వేపిన చేప, ఆలుగడ్డ అట్లు, క్యాబేజీ తురుము, రై రొట్టె పెట్టి పెట్టి లియోనా కాళ్ళు వాచిపోయేవి. ఏప్రన్ జేబు మాత్రం టిప్పులతో బరువెక్కేది. రాత్రి ఇంటికి పోయి లెక్క వేసుకుంది. గడిచిన అయిదు వారాల్లో వారానికి తొమ్మిది వందల యాభై. లాయరమ్మ ఇచ్చేదేమో ఎనిమిది వందల ఎనభై.

"అంటే చదువుకున్నందుకు వారానికి డెబ్భై డాలర్లు తగ్గాలా? పైగా ఆ తగ్గినదాంట్లోంచి అప్పు కట్టాలా? ఇదేం చోద్యం మామయ్యా!" అంది మర్నాడు.

ఆంబ్రోస్ పిండి కలుపుతూ "ఊఁ" అన్నాడు. ఆ మేనమామ ఒక్క ఊఁతో ఆగడం ఎప్పుడైనా ఉందా? లియోనా పట్టించుకోలేదు.

బార్ దగ్గర రోజూ కూర్చునే కాసిమిర్, ఓడలకి వెల్డింగ్ చేసి రిటైరైన పెద్దాయన, గ్లాసు ఎత్తి "మరెందుకు చదివావమ్మా?" అన్నాడు.

"నీలాంటివాళ్ళ మీద కేసు వెయ్యడానికి. తాగి మాట్లాడకు."

గుడ్ ఫ్రైడే నాడు జనం తొక్కిసలాడుతుండగా, మేడమ్ బల్ల మీద పళ్ళెం పెడుతూ చెప్పేసింది. "ఏమీ అనుకోకండి మేడమ్. లెక్క కుదరలేదు. రాలేను."

"సరే" అని మేడమ్ నిమ్మచెక్క పిండుకుంది.

ఎందుకో ఆ రాత్రి లియోనాకి నిద్ర పట్టలేదు. లెక్క కరెక్టుగానే ఉంది మరి, లేచి మళ్ళీ మళ్ళీ కూడుకోవడమెందుకు?

ఈస్టర్ వెళ్ళింది. ఆ తరవాత శుక్రవారం సాయంత్రం ఆరయినా బారులో ఈగలు తోలుకోవాల్సిన పరిస్థితి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పండగకి వండిన పందిమాంసం, హ్యామ్, మిగిలి ఉంది, అది తింటున్నారు. కాసిమిర్ కూడా చేప వద్దని హ్యామ్ శాండ్‌విచ్ జేబులో తెచ్చుకున్నాడు. కిటికీ పక్కన మాత్రం టోలెఫ్‌సన్ మేడమ్ ఎప్పట్లాగే కూర్చుంది.

లియోనా జేబులో చెయ్యి పెట్టింది. రెండు నోట్లు, కాస్త చిల్లర. గది మధ్యలో అలాగే నిలబడిపోయింది.

"అయ్యో నా మతి మండా! నేను తపస్సుకాలం టిప్పులే ఏడాదంతా వస్తాయని లెక్కేశాను!"

"ఇప్పుడు తెలిసిందా?" అంది మేడమ్, ముల్లు తీసుకుంటూ. "ఆఫీసులో నీకిస్తానన్న కుర్చీలో ఇంకా ఎవర్నీ పెట్టలేదులే."

"అంటే మీకు ముందే తెలుసా?"

"లూథరన్‌నే గానీ గుడ్డిదాన్ని కాదమ్మాయ్. ఏడాదంతా ఈ బల్ల దగ్గరే కదా తినేది."

లియోనా వంటింటి వైపు తిరిగింది. "మామయ్యా! నీకూ తెలుసా?"

ఆంబ్రోస్ మొహం చాటేశాడు. "తెలుసే. చెప్తే వెళ్ళిపోతావుగా మరి."

"నాకూ తెలుసు" అన్నాడు కాసిమిర్.

"నిన్నెవరడిగారు? శాండ్‌విచ్ తిను!" ఒళ్ళు మండిపోతోంది, నవ్వూ ఆగడం లేదు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "మా సంగతి సరే. పంతొమ్మిది ఈస్టర్లు చూశావు ఈ గదిలో. నీకు తెలీదా లియోనా?"

లియోనా ఎదురు కుర్చీ లాక్కుని కూలబడింది. గొంతు తగ్గించి చెప్పింది. "భయమేసింది మేడమ్. ఇక్కడ పళ్ళెం జారితే ఒక జోకేసి తుడిచేస్తాను. మీ దగ్గర నేనొక తేదీ తప్పు వేస్తే ఎవరిదో ఇల్లు పోతుంది."

"ఇప్పటిదాకా ముగ్గురొచ్చారు ఆ పనికి" అంది మేడమ్. "ఒక్కళ్ళకీ ఆ భయం లేదు. అందుకే పంపించేశాను."

లియోనా కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఏదైతే తన చేతకానితనమని దాచుకుందో, దానికోసమే ఈవిడ కుర్చీ ఖాళీగా ఉంచిందా!

"సోమవారం ఎనిమిదింటికి వచ్చేస్తాను."

"ఎనిమిదిన్నరకి రా. అంత పొద్దున్నే నేనే రాను."

ఆంబ్రోస్ బయటికొచ్చాడు. మేనకోడలి నడుముకున్న ఏప్రన్ తనే విప్పాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయల మీదికి నెట్టాడు. చేప పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అంతా బానే ఉంది గానీ, ఆ అప్పు తీరేసరికి పదేళ్ళు పడుతుందే. యాభై మూడొచ్చేస్తాయి నీకు!"

"అప్పు లేకపోతే రావా మామయ్యా యాభై మూడు?" అంది లియోనా, నోట్లో వేడి వేడి చేప ముక్క పెట్టుకుని. "ఆగు, పని గురించి మాట్లాడుకుంటున్నాం. మేడమ్, సోమవారం మొదటి కేసు ఎవరిదండీ?"