ఆగాల్సిన ఇంజను

కారును పరుగెత్తించడానికి ఆ జట్టులో ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు. అవసరమైన క్షణంలో దాన్ని ఆపే ఏర్పాటు మాత్రం ఒక్క ఆడమనిషి బాధ్యత. అందరూ ఆమెను కరెంటక్క అంటారు. బైపాస్ రోడ్డు వారగా రేకుల షెడ్డులో కార్లకు వైరింగు చేయడం ఆమె వృత్తి. గోడకు రంగురంగుల వైరు చుట్టలు వేలాడుతూ ఉండేవి, బల్ల మీద టంకం వాసన ఎప్పుడూ వదిలేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి "మేస్త్రీ లేడామ్మా?" అని అడిగేవారు. "ఉన్నాడు. మీ కళ్ళకే ఆనడం లేదు" అని ఆమె బండి బానెట్ ఎత్తేది.

పని తెలిసిన మనిషే. వేసిన ప్రతి వైరు కొసనూ రెండుసార్లు లాగి చూడనిదే టేపు చుట్టేది కాదు, ఆ టేపు కూడా నల్లటి గుడ్డ టేపే తప్ప మరొకటి వాడేది కాదు. పని బాగుందని ఎవరైనా అంటే ముఖం పక్కకు తిప్పుకుని నవ్వేది. బాగాలేదన్నవాడికి మాత్రం నూకలు చెల్లినట్టే. ఒక టాక్సీ డ్రైవరు, నిన్న వేసిన హెడ్‌లైటు ఇవాళ వెలగడం లేదని వచ్చాడు. ఆమె ముందు అతని చెవుల తుప్పు వదిలించి, తర్వాత తన తప్పు తానే కనిపెట్టి, మారుమాట లేకుండా సరిచేసి, డబ్బు తీసుకోకుండా పంపేసింది. మరోసారి అదే లైటు పోయినప్పుడు అతను ఆ వీధి మొహం చూడకుండా ఒంటికన్ను బండితోనే తిరిగాడు. ఆ సంగతి విని భర్తా, తమ్ముడూ పడీపడీ నవ్వారు. ఆమె ఎదుట కాదు.

భర్త పాలవ్యాను నడిపేవాడు. సెలవు రోజుల్లో పందెపు జట్టుకు కెప్టెన్. తమ్ముడు టైర్ల దుకాణంలో పనిచేసేవాడు. జట్టులో మొదటి డ్రైవరు అతనే. కారు పళ్ళ డాక్టరుది కాబట్టి రెండో డ్రైవరు స్థానం ఆయనకు దక్కింది. ఆయన నడిపే తీరు చూసి తమ్ముడు, "బావా, ఈయన గేరు మార్చినా పన్ను పీకినట్టే ఉంటుంది" అనేవాడు. "కారు ఆయనది, నోరు నీది. రెండూ మూసి ఉంచడమే మనకు క్షేమం" అని బావ జవాబిచ్చేవాడు.

వీళ్ళ కార్ల పందెం ఏ కంపెనీవాళ్ళో జరిపే పెద్ద పందెం కాదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, దుకాణాలు నడుపుకునేవాళ్ళు కలిసి పెట్టుకున్న క్లబ్బు. పాత కార్లను తామే విప్పి, తామే బిగించి, ఏడాదికి రెండుసార్లు ఆరేసి గంటలపాటు ఆగకుండా తిప్పుతారు. మధ్యలో డ్రైవర్లు మారతారు, పెట్రోలు పోస్తారు, బండి మాత్రం నడుస్తూనే ఉండాలి. ఈ జట్టువాళ్ళు కూడా ఆ కారులో సీట్లన్నీ పీకేసి ఒక్క డ్రైవరు సీటే ఉంచారు. బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా లోపల ఇనుప గొట్టాల పంజరం వేయించారు. కరెంటక్క పాత వైరింగు మొత్తం కోసి పారేసి కొత్తగా నడిపించింది. ముందు అద్దం కింద, బయటినుంచి ఎవరి చేతికైనా అందేలా, ఒక ఎర్ర స్విచ్చి బిగించింది.

ఆ స్విచ్చి గురించి క్లబ్బు నియమావళిలో ఒక్క వాక్యమే ఉంది: ఇంజను నడుస్తుండగా స్విచ్చి తిప్పితే ఇంజను ఆగిపోవాలి. ఆ వాక్యంలో 'సాధారణంగా' లేదు, 'వీలైనంతవరకు' అంతకన్నా లేదు. కారణం స్పష్టం. బండి గోడను గుద్దుకుని, డ్రైవరు స్పృహ తప్పి, పెట్రోలు కారుతున్నప్పుడు పరుగెత్తుకొచ్చినవాడు చేయగలిగే మొట్టమొదటి పని ఆ స్విచ్చి తిప్పడమే. బ్యాటరీని ఒక్కదాన్నే విడదీస్తే చాలదు. ఇంజను తిరుగుతున్నంతసేపు తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, పెట్రోలు పంపు తోడుతూనే ఉంటుంది. అందుకే స్విచ్చి వెనక రెండు లావు వైర్లతో పాటు రెండు సన్నవైర్లు కూడా ఉంటాయి. ఇంజను గొంతు నులిమేవి ఆ సన్నవే: స్విచ్చి వాటిని విడదీస్తే ఇంజను ఆగుతుంది, కలిసి ఉన్నంతసేపు నడుస్తుంది. కరెంటక్క ఆ రెంటినీ తన చేత్తో వేసింది.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం తనిఖీ జరిగింది. తనిఖీ చేసే పెద్దాయన అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. తమ్ముడు సీటులో కూర్చుని ఇంజను నడుపుతున్నాడు. "తిప్పమ్మా" అన్నాడు పెద్దాయన. ఆమె స్విచ్చి తిప్పింది. ఇంజను టక్కున ఆగింది. "భేష్" అని ఆయన అద్దం మీద పచ్చ స్టిక్కరు అతికించాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది.

తర్వాత షెడ్ల వెనక ఖాళీ స్థలంలో డ్రైవర్లు మారడం సాధన మొదలుపెట్టారు. ఇంజను నడుస్తూనే ఉంది. తమ్ముడు బెల్టులు విప్పుకుని కిటికీలోంచి పాదరసంలా జారి బయటపడ్డాడు. డాక్టరు లోపలికి దూరి, ఒక కాలు పెడల్ దగ్గరా మరో కాలు పంజరం గొట్టం మీదా పెట్టి, రెండు భుజాల మీద బెల్టులు బిగించుకుని, నడుము బెల్టు మెలిక పడి ఎటూ కదల్లేక ఆగిపోయాడు.

"డాక్టరుగారూ, నోరు పెద్దగా తెరవండి, నొప్పి తెలీదు" అన్నాడు తమ్ముడు.

"ముందు నా కాలు ఎక్కడుందో చెప్పవయ్యా బాబూ!"

అందరూ నవ్వుతున్నప్పుడు కరెంటక్కకు వాసన తగిలింది. వంగి చూసింది. బానెట్ కింద రబ్బరు పైపు క్లిప్పు జారి, పెట్రోలు చుక్కచుక్కగా సైలెన్సరు గొట్టానికి జానెడు దూరంలో పడుతోంది. కేకవేయలేదు. రెండంగల్లో ముందుకు వచ్చి ఎర్ర స్విచ్చి తిప్పింది.

ఇంజను ఆగలేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ తిప్పింది. ఇంజను నింపాదిగా, ఏమీ ఎరగనట్టు, నడుస్తూనే ఉంది. ఆ క్షణంలో ఆమె చూసింది స్విచ్చిని కాదు, తన చేతిని. ఆ చెయ్యి పరాయివాళ్ళదన్నట్టు చూసింది. తర్వాత కిటికీలోంచి నడుము దాకా లోపలికి దూరి, డాక్టరు ఒడి మీద పడి, తాళం తిప్పింది. చప్పుడు ఆగింది. డాక్టరు ఇంకా నవ్వు ముఖంతోనే, "ఏమైందమ్మా?" అని అడిగాడు. "దిగండి" అంది. ఆమె గొంతు విని ఆయన, అంతవరకు విడిపోని బెల్టును ఎలాగో విడిపించుకుని దిగిపోయాడు.

మంట రాలేదు. ఎవరికీ గీత పడలేదు. ఆమె మాత్రం తన పనే తప్పిందనుకుంది. స్క్రూడ్రైవరు తీసుకుని స్విచ్చి వెనక పలక ఊడదీసింది. సన్నవైర్లు రెండూ స్విచ్చికి లేవు. ఒకదానితో ఒకటి మెలివేసి, పైన టేపు చుట్టి ఉన్నాయి. మెరిసే ప్లాస్టిక్ టేపు. ఆమె షెడ్డులో ఎన్నడూ లేని టేపు.

ఆమె తలెత్తింది. భర్త చేతిగుడ్డతో పెట్రోలు తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఎవరు?" అంది.

"అక్కా, ముందు నువ్వు కూర్చో" అన్నాడు తమ్ముడు.

"నేను కూర్చోవడం గురించి అడగలేదురా."

అప్పుడు బయటపడింది. పోయిన పందెంలో వీళ్ళ బండి ముందంజలో ఉండగా, గతుకుల మలుపు దగ్గర ఇంజను దగ్గిదగ్గి ఆగిపోయేది. పెట్రోలులో నలక అని చెబితే ఆమె నమ్మింది. ఒక రోజంతా ట్యాంకు దింపి కడిగింది, పైపులన్నీ విప్పి ఊదింది. వాటిని తిరిగి బిగించేటప్పుడు సాయం పట్టిన భర్త పాత క్లిప్పులే వేశాడు. నిజానికి నలక లేదు. ఆమె స్విచ్చిని పల్చటి రేకుకు బిగించింది. గతుకులకు రేకు అదిరి, స్విచ్చి లోపలి కాంటాక్టు విడిపోయేది. ఇద్దరికీ ఆ సాయంత్రమే తెలిసింది. ట్యాంకు కడుగుతున్న ఆమె పక్కన నిలబడి నీళ్ళు పోసినప్పుడూ తెలుసు.

"మరి నాకు చెప్పలేదేం?"

భర్త నేల చూపులు చూశాడు. "చెబితే బాధపడతావని."

"బాధపడతావని కాదక్కా, అరుస్తావని" అన్నాడు తమ్ముడు. "బావ పద్దెనిమిదేళ్ళుగా నీతో కాపురం చేస్తున్నాడు. ఆయనకే ధైర్యం లేకపోతే నేనెంత? వైర్లు కలిపేస్తే పని అయిపోతుంది, నీ మనసూ చెడదు అనుకున్నాం."

"మరి ఇందాక తనిఖీలో ఎలా ఆగింది?"

తమ్ముడి కుడిచెయ్యి, తనకు తెలియకుండానే, గాలిలో తాళం తిప్పినట్టు కొద్దిగా కదిలింది. ఆమె బయట స్విచ్చి తిప్పుతుండగా అతను లోపల తాళం తిప్పాడు. ఆమె భుజం కదలిక చూసి, సరిగ్గా అదే లిప్తలో. భేష్ అనిపించుకున్నది ఆమె స్విచ్చి కాదు, అక్కాతమ్ముళ్ళ సమన్వయం.

"గోడకు గుద్దుకుని నీ తల వాలిపోయినప్పుడు ఆ తాళం ఎవరు తిప్పుతార్రా?"

"అన్నిటికీ అదేనా అక్కా! ఆ స్విచ్చి తనిఖీ కోసం. మనకోసం కాదు."

ఆమె అరుస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. అరవలేదు. ఏడేళ్ళప్పుడు చేతిలో చెయ్యేసి రోడ్డు దాటించిన పిల్లవాడు, తనను కాల్చగల ఏర్పాటును తానే చేసుకుని, పైగా దాన్ని అక్క మీద ప్రేమ అనుకుంటున్నాడు. ఆ మాటకు ఏ తిట్టు సరిపోతుందో ఆమెకు తోచలేదు. తిన్నగా తనిఖీ గుడారానికి నడిచింది.

పెద్దాయన టీ తాగుతున్నాడు. జరిగినదంతా పొల్లు పోకుండా చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టలేదు.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీ తమ్ముడి భుజం కదిలింది. చూశాను. చాలా బళ్ళలో కదులుతుంది. అందరూ మనవాళ్ళే, సొంత డబ్బు పెట్టుకుని సరదాకి వస్తారు. చిన్నదానికి వెనక్కి పంపిస్తే క్లబ్బు మిగులుతుందా? ఇన్నేళ్ళలో ఎవరైనా పోయారా చెప్పు?"

కాలిన మనుషుల్ని బయటికి మోసిన చేతులు ఆ టీ గ్లాసు పట్టుకుని ఉన్నాయి. ఇంట్లోవాళ్ళకు తన భయం ఉందనుకుందాం. ఈయనకు ఎవరి భయం?

"అంటే ఒకళ్ళు పోతేగాని నియమం మొదలవదన్నమాట" అంది ఆమె. "మా బండిని మళ్ళీ తనిఖీ చెయ్యండి. ఈసారి డ్రైవరు చేతులు రెండూ కిటికీ బయట ఉండాలి."

"మీవాళ్ళు ఒప్పుకున్నారా?"

"నేను సమ్మతి పత్రం పట్టుకుని రాలేదండీ. ఫిర్యాదు పట్టుకొచ్చాను. తీసుకోకపోతే ఆ మాట అందరి ముందూ చెప్పండి."

జనం పోగయ్యారు. తమ్ముడు ముఖం కందగడ్డ చేసుకుని సీటులో కూర్చుని, రెండు చేతులూ కిటికీ బయట చాపాడు. "దొంగ దొరికాడ్రోయ్!" అని ఎవరో అరిస్తే నవ్వులు లేచాయి. ఆమె స్విచ్చి తిప్పింది. ఇంజను నడుస్తూనే ఉంది. నవ్వులు ఒక్కొక్కటిగా తెగిపోయాయి. పెద్దాయన వచ్చి, గోటితో గీకి, పచ్చ స్టిక్కరు పీకాడు.

"మీ ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోవాలి గానీ, మా ప్రాణాలు తీస్తారేంటక్కా?" అన్నాడు పక్కబండి డ్రైవరు.

"ప్రాణాల మాట నువ్వే ఎత్తావు, మంచిది. ఇంజను నడుపు. చేతులు బయట పెట్టు బాబూ."

అతను నవ్వుతూనే చేతులు చాపాడు. ఆమె స్విచ్చి తిప్పింది. ఇంజను ఆగలేదు. అతను తన రెండు చేతులకేసీ అలా చూస్తూ ఉండిపోయాడు. అతని జట్టులో వైరింగు చేసినవాడు "నేను సరిగానే వేశానే" అంటూ బానెట్ మీద పడ్డాడు. తర్వాతి బండి ఆగింది. ఆ తర్వాతిది ఆగలేదు. ఇక ఎవరూ జోకులు వేయలేదు. వరుసలో నిలబడ్డవాళ్ళు తమ బండి వంతు రాకముందే స్విచ్చిల వెనక పలకలు విప్పడం మొదలుపెట్టారు. పెద్దాయన గ్లాసు ఎక్కడో మరిచిపోయి, బండి బండికీ తిరుగుతూ, "చేతులు బయట" అని తానే చెప్పసాగాడు. చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు కొంచెం తగ్గింది.

కరెంటక్క తన బండి దగ్గరికి వచ్చి పల్చటి రేకు కోసేసింది. భర్త ఎక్కడినుంచో దళసరి ఇనుప పలక తెచ్చి ఇచ్చాడు. ఆమె బెజ్జాలు పెట్టి, పలకను నేరుగా పంజరం గొట్టానికే బిగించింది. మెరిసే టేపు ఊడబీకి, సన్నవైర్లను తిరిగి స్విచ్చికి చేర్చి, ఒక్కొక్కటీ రెండుసార్లు లాగి చూసింది. భర్త ఈసారి కొత్త క్లిప్పు వేశాడు.

"రేకు నా తప్పు" అంది, ఎవరి ముఖమూ చూడకుండా. "ఆ రోజే అనాల్సింది మీరు."

"అంటే అరిచేదానివి" అన్నాడు భర్త.

"అరిచేదాన్ని. అరిచి సరిచేసేదాన్ని. నా అరుపుకి కాలిపోతారా?"

భర్త వంగి కొత్త క్లిప్పును ఇంకోసారి బిగించాడు.

తమ్ముడు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని టైరు మీద కూర్చుని ఉన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు.

"ఎక్కు."

"మాట్లాడుతున్నాను కదా."

"ఎక్కి మాట్లాడు. చేతులు బయట."

అతను ఎక్కి, ఇంజను నడిపి, చేతులు చాపాడు. ఆమె తిప్పింది. ఆగింది. అతను ఊపిరి వదిలి బెల్టు విప్పుకోబోయాడు.

"మళ్ళీ."

మళ్ళీ నడిపాడు, మళ్ళీ ఆగింది. ఆమె భర్తను పిలిచి బండి ముందు భాగాన్ని గట్టిగా ఊపమంది. ఊపుతున్నా నడిచింది, తిప్పితే ఆగింది. డాక్టరును కూడా ఊపమంది. పెద్దాయన వచ్చి పచ్చ స్టిక్కరు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. తమ్ముడి చేతుల్నే చూస్తోంది. ఎండలో చాచిన ఆ ముంజేతుల మీద టైర్ల మసి, పాత గాట్లు, బెదిరినట్టు లేచి నిలిచిన వెంట్రుకలు కనబడుతున్నాయి.

"మళ్ళీ" అంది.

"అక్కా, చాలు. బ్యాటరీ చచ్చిపోతుంది."

"చావనీ. ఇంకోటి తెచ్చి వేస్తాను. నువ్వు చేతులు లోపల పెట్టకు."